వెనక గదిలో ఫోను

ఏమండీ, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజికి, డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం పొయ్యి మీద ఉంది, చల్లారకముందే తినండి.

నెట్ పోయిందని మోడెం మీద చరచకండి, తప్పు దానిది కాదు. మనింటికొచ్చే ఒక్క తీగలోనే మాటా, నెట్టూ కలిసి వస్తాయి. రెండూ కొట్టుకోకుండా ప్రతి ఫోనుకీ ఫిల్టర్ ఉండాలి. హాల్లో ఫోనుకి పెట్టాను. వెనక గదిలో పాతదాన్నెవరూ వాడరని మీరే అన్నారు కదా, దానికి పెట్టలేదు.

మరి రోజూ మధ్యాహ్నం మన నెట్ లైను తెగడం ఎక్స్ఛేంజి మిషన్లో నాకు కనిపిస్తోంది. ఆ ఫోను ఎత్తితేనే అలా తెగుతుంది. అడిగితే ఆ గదిలోకే పోలేదన్నారు. నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?

చివరిగా ఎవరికి చేశారో చూద్దామని ఇందాక దాని మీద రీడయల్ నొక్కాను. ఎత్తింది నేను మాట్లాడటం మానేసిన మా అమ్మ! "ఏం అల్లుడుగారూ, పొద్దున్నే చేశారు? అది ఇంకా ఇంట్లోనే ఉంటుందిగా!" అంది. వెంటనే ఫోను పెట్టేశాను.

టేబుల్ మీద కొత్త ఫిల్టర్ ఉంది. వెనక ఫోనుకి తగిలించాకే మాట్లాడండి.

అన్నట్టు, ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందేమో కనుక్కోండి. నేనడిగానని మాత్రం అనకండి.