గోడ అవతలి మేము

మార్చి 3, సాయంత్రం

ఈరోజు నుంచి రాయక తప్పదు. ఇన్నేళ్లూ కడుపులో మాట ఏదున్నా పొట్టికే చెప్పుకున్నాను. ఈసారి చెప్పుకోవాల్సింది పొట్టి గురించే. లోపలే ఉంచుకుంటే అడుగు పడేలా లేదు. పైకి అంటే పరువు పోతుంది. అందుకని ఈ డైరీ.

పొట్టి మూడో మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

నేను సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాను. మూడేళ్ల కిందట ఒక షీట్ మీద ఈ ట్రెయిల్ గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. రోజుల తరబడి నడక. ఊరు లేదు, రోడ్డు లేదు, చివర్లో మంచు కరిగి పారే నది. ఆ సాయంత్రమే పొట్టికి చూపించాను. హాస్టల్లోనూ ఆ తర్వాత అద్దె గదిలోనూ నా రూమ్మేట్ అదే. మనిద్దరం వెళ్దామే అంది. మనిద్దరం అన్నది దాని నోటి మాటే.

ఇవాళ బస్టాండులో దాని వెనకే ఫిజియో దిగింది. పొట్టి నర్సుగా చేసే ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. మాకంటే కొంచెం పెద్ద. పొట్టి నోట ఒకటే అక్కా, అక్కా. ముందే చెబితే నువ్వు మూతి ముడుచుకుంటావని చెప్పలేదే అంది. నేనెందుకు ముడుచుకుంటాను అన్నాను, ముడుచుకునే.

టెంట్ ఇద్దరిది. అటు చివర ఫిజియో, ఇటు చివర నేను, మధ్యలో మహారాణిలా పొట్టి. పై భాగానికి పర్మిట్ ఇద్దరికే తీసుకున్నావు కదే అని గుర్తు చేశాను. ఫారెస్ట్ పోస్ట్ దగ్గర అడుగుదాంలే, ఇస్తారు అంది.

అమ్మ ఫోన్ చేసింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. కాళ్లు అరగకుండా బతుకుతావని చదివిస్తే జీతం పోసి మరీ అరగదీసుకుంటున్నావా అంది. మోత ఎంత బరువుందని అడిగింది. చెప్పాను. అంత మోసేదానికి కూలి ఎంతిస్తారని అడిగింది. పొట్టి పడీ పడీ నవ్వింది. నవ్వి, ఆ జోకు ఫిజియోకి తనే చెప్పింది. మా అమ్మ జోకు.

మార్చి 5

ఒకటి కనిపెట్టాను. పొట్టి జ్ఞాపకాలు చెప్పేటప్పుడు మేము అంటుంది. పని చెప్పేటప్పుడు మనం అంటుంది.

పోయినేడాది మేము వానలో ఇరుక్కుపోయాం తెలుసా. మేము ఒక గుహలో తలదాచుకున్నాం. మేము అంటే అదీ ఫిజియో. ఎదురుగా కూర్చుని వినేది నేను.

ఇక మనం. మనం గిన్నెలు కడగాలే. మనం నీళ్లు పట్టుకోవాలి.

మార్చి 6

ఫిజియోకి గురక కూడా లేదు.

మార్చి 8

పొట్టి మడమ మీద బొబ్బ లేచింది. నాకు చెప్పలేదు. పొద్దున లేచేసరికి దాని కాలు ఫిజియో ఒళ్లో ఉంది. ఫిజియో టేప్ వేస్తోంది, పొట్టి అమ్మా అబ్బా అంటోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. నేను స్టవ్ వెలిగించాను. గాలికి మూడుసార్లు ఆరిపోయింది. స్టవ్‌ని తిట్టాను.

ఫిజియోని నాన్న భుజాల మీద ఎక్కించుకుని కొండలు తిప్పాడట. వాళ్ల తాతకీ ఇదే పిచ్చట. ఆమెకి నడక ఆట. బురదలో జారిపడినా నవ్వుతూ లేస్తుంది. నేను పడితే ముందు ఎవరైనా చూశారేమోనని చూసుకుంటాను.

మధ్యాహ్నం నా బ్యాగు కట్టు చూసి, ఇంత బాగా బిగించడం ఎవరు నేర్పారని అడిగింది. అమ్మ అన్నాను. అమ్మ కూడా ట్రెక్కింగ్ చేస్తారా, ఏ కొండలు అంది. ఒకటే కొండ, రోజూ, నీళ్ల కోసం అన్నాను. ఎంత అదృష్టం, చిన్నప్పటి నుంచే అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

అక్కకి తెలీక అందే, వదిలెయ్ అంది పొట్టి. నేను పట్టుకుంటే కదా వదిలెయ్యడానికి. కానీ అది అక్క తరఫున మాట్లాడిందే, అందుకు నాకు ఒళ్లంతా మండింది.

మార్చి 10, సాయంత్రం

ఫారెస్ట్ పోస్ట్ చేరాం. రాతి గోడల గది, వెనక కుళాయి, పైకప్పు మీద వైర్‌లెస్ స్తంభం. గార్డు పెద్దాయన. మూడో పర్మిట్ కుదరదన్నాడు. పైన గుడిసెల్లో జట్టుకి రెండే పడకలట. ఒంటరిగా ఎవరినీ పంపరట. రేపు మధ్యాహ్నంలోగా ఇద్దరు బయల్దేరకపోతే మా పడకలు ఇంకొకరికి పోతాయి. మాలో ఒకరు దిగిపోవాలి.

ఈ దారి నాది అందామనుకున్నాను. నోరు రాలేదు. అది అడగకుండానే పొట్టి అనాలి కదా. గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను.

గోడ అవతల పొట్టి గొంతు, గార్డుతో. మేమిద్దరం వెళ్తామండీ. ఆమె దిగిపోతుంది. ఏమీ అనుకోదు, మంచి మనిషి.

మేమిద్దరం. వారం నుంచీ వింటున్న మేమే. ఇక ఆమె అంటే నేను. పరాయివాళ్ల ముందు ఆమె అనేంత దూరమైపోయాను. మంచి మనిషినట.

గిన్నెలు తోమాను. లోపలికి వెళ్లి తలనొప్పి అని చెప్పి స్లీపింగ్ బ్యాగ్‌లో దూరాను. పొట్టి వచ్చి, లేవే, నీతో మాట్లాడాలి అని కదిపింది. నిద్ర నటించాను. నా గొయ్యి గురించి నాకే చెప్పడానికి వచ్చింది కదా, చెప్పనివ్వలేదు.

మార్చి 11, ఉదయం

వాళ్లు లేవకముందే దిగడం మొదలుపెట్టాను. మీరిద్దరూ వెళ్లండి అని చీటీ పెట్టాను. బుద్ధిమంతురాల్లా రాశాను. నిజానికి నది పొంగి వాళ్లు వెనక్కి రావాలని కోరుకుంటున్నాను. ఇద్దరూ కొట్టుకుంటే ఇంకా మంచిది.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

వాగు దగ్గర బూట్లు విప్పి కూర్చున్నాను. వెనక నుంచి కేక. ఫిజియో. పెద్ద బ్యాగుతో, రొప్పుతూ, పరిగెత్తినట్టుగా దిగొచ్చింది. వచ్చీ రాగానే తిట్టింది. నీకేమైనా బుర్ర ఉందా, దిగాల్సింది నేనైతే నువ్వెక్కడికి పోతున్నావ్ అంది.

దిగుతానని నిన్ననే తనే అందట. పొట్టి సరేనందట. గార్డుకి చెప్పిందీ అదేనట. ఇద్దరూ పోస్ట్ వదిలితే పడకలు పోతాయని పొట్టి అక్కడే కూర్చుంది, ఈమె నా కోసం పరిగెత్తింది.

గోడ అవతల నుంచి విన్నది చెప్పాను. ఫిజియో నన్ను వింతగా చూసింది. తర్వాత కూలబడి ఒకటే నవ్వు. వారం రోజులుగా పొట్టి నాకు నీ గురించే చెబుతోందమ్మా అంది. మేము హాస్టల్లో ఇలా ఉండేవాళ్లం, మేము పరీక్షలకి అలా చదివాం, మేము ఒకే దుప్పట్లో చలికాలం గడిపాం. వినీ వినీ కడుపు మండిపోయింది, నేనెందుకొచ్చాన్రా బాబూ అనిపించింది అంది.

ఆమెకి కూడా మండిందా!

నాతో అన్న మేములో నేనెలా ఉంటాను? నేనున్న మేములన్నీ ఆమెతో అన్నవి. అవి నాకెలా వినపడతాయి?

ఇంకొకటి. పొట్టి నన్ను ఆమె అనడమేమిటి? హాస్టల్లో చేరిన నాటి నుంచీ దాని నోట నేను అది. వార్డెన్ ముందు కూడా అదే. ఆమె అని వినపడగానే అది నేను కాదని చిన్నపిల్లకైనా తెలియాలి. చదువుకున్నదాన్ని, నాకు తెలియలేదు.

ఫిజియో నా బ్యాగు ఎత్తి వీపుకి తగిలించింది. పరిగెత్తు అంది. థాంక్స్ అక్కా అన్నాను. నోరు జారింది. ఆమె విననట్టే కిందికి దిగిపోయింది.

నేను పోస్ట్ చేరేసరికి ఎండ వాలిపోయింది. పొట్టి లేదు.

మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే కూర్చుందట. జట్టు దొరక్క రెండ్రోజులుగా ఇక్కడే ఆగిపోయిన ఒక పోస్ట్‌మ్యాన్ ఉన్నాడట, సెలవు మీద వచ్చాడు. చివరికి అతనితో వెళ్లింది. వెళ్తూ గార్డుతో అందట: మూడేళ్లు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈ దారి గురించి. అది వదిలేస్తే వదిలేసింది, నేను వదలను.

అది అంది. గార్డుని రెండోసారి చెప్పమని అడిగాను. చెప్పాడు.

మార్చి 12

పోస్ట్‌మ్యాన్ చాలా సరదా మనిషని గార్డు అన్నాడు. నేను అడగలేదు.

మార్చి 13

రేపు పొద్దున గార్డు పై గుడిసెతో వైర్‌లెస్‌లో మాట్లాడతాడు. అప్పటికి వాళ్లు అక్కడుంటారు. నా మాట చదివి వినిపిస్తానన్నాడు. క్లుప్తంగా ఉండాలట. లైన్లో ఉన్న పోస్టులన్నీ వింటాయట, విననీ.

పొట్టీ, నేను పోస్ట్‌లోనే ఉన్నా. నువ్వు గార్డుతో అన్నది విని, దిగిపోయే మనిషి నేనే అనుకున్నా. పదహారున వచ్చే జట్టులో ఒక చోటు ఉంది. నది దాటకుండా ఆగుతావా? పదిహేనో తేదీ సాయంత్రంలోగా చెప్పు. ఆగను అనైనా చెప్పు. కానీ నువ్వే చెప్పు, పోస్ట్‌మ్యాన్‌తో చెప్పించకు.