ఒక గోలీకి మూడు గోలీలు

మనవరాలికి, ముందుగా తెలియవలసిన మాట: మీ తాతయ్యది కాన్సర్ కాదు. ఇక కుదురుగా కూర్చుని చదువు.

చిన్నప్పుడు నువ్వు ఆయన పక్కలో చేరి, పక్కటెముక మీది బుడిపె నొక్కి, "ఇక్కడ గోలీ దాచావు కదూ తాతయ్యా!" అనేదానివి. "ష్! అమ్మమ్మ వింటే లాక్కుంటుంది" అనేవారు. ఆ గోలీయే ఈమధ్య పెరిగి, దగ్గితే చాలు నొప్పి పెట్టసాగింది. స్కాన్ తీసి, చిన్న ముక్క పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆయన హాస్యాలాడుతూనే ఉన్నారు, నాకే ముద్ద దిగలేదు. ఎముకే గడ్డలా పెరిగిందట. పక్కటెముకకు ఇలా రావడం అరుదు, ప్రమాదం లేదన్నారు. సోమవారం ఆపరేషన్ చేసి, ఆ ఎముక ముక్కతో సహా తీసేశారు. ఇప్పుడు కట్టు కింద ఆ చోటు చదునుగా ఉంది. నిన్న చెయ్యి వేసి చూస్తే మీ ఇద్దరి గుసగుసలే గుర్తొచ్చాయి.

ఊపిరి బాగా ఆడాలని నర్సు మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. "చూశావటే, ఒక గోలీ తీసుకుని మూడిచ్చారు!" అని నవ్వబోయి, కుట్లు లాగి మూలిగారు. కసిరాను.

నా ఊలు శాలువా నీ దగ్గరే ఉంది, వచ్చేటప్పుడు తీసుకురా. తడి తలతో పడుకోవడం మానావా?

రెండు బంతులు లేపుతున్నారు. మూడోది నువ్వొచ్చి పక్కన కూర్చుంటేనే లేపుతారట. వేషాలన్నాను. అయినా సెలవు పెట్టి రా.

చల్లగా ఉండు.
అమ్మమ్మ