జతపరచినది: మంచుగడ్డ ఒకటి

క్యాంప్ 2, భిలాయి
జనవరి 3

ఉత్తరాంధ్ర మిత్రబృందం కార్యదర్శి, మా బావగారు వాసుదేవరావుగారికి మీ చెల్లెలి మొగుడు సింహాద్రి పెట్టుకునే దండాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని తెలుసు. మొన్న సుపేలా బజార్లో మీరు జిలేబీ తింటూ కనిపించారు. మీకు షుగరున్న సంగతి గుర్తొచ్చినా మీ ఇంట్లో లక్ష్మీకుమారి అక్కకి చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది ఈ ఉత్తరానికి మీరిచ్చే జవాబుని బట్టి ఆలోచిస్తాను.

ఫోన్ చేస్తే 'ఏదైనా వ్రాతపూర్వకంగా' అన్నారు. వాట్సాప్ గ్రూపులో పెడదామంటే నన్ను మీరే తీసిపారేశారు. అందుకే కాగితం ఖర్చు.

జనవరి 26న మనవాళ్ళంతా మోటారు బళ్ళ మీద తాండులా డ్యాముకి వెళ్ళేటప్పుడు జెండా పెట్టె మోసే ముందు బండి ఈ ఏడు నాది కాదట. హరినాథ్ కొత్త బండట. బావగారూ, అది మా నాన్న ఉక్కు ప్లాంటు జీతంతో కొన్న బండి. ఆయనా, ఆయన తరవాత నేనూ కలిసి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ జెండా మోశాం.

నిరుడు మూడుసార్లు ఆగింది, నిజమే. ఎనిమిదికి ఎగరాల్సిన జెండా తొమ్మిదిన్నరకి ఎగిరింది, అదీ నిజమే. ముఖ్య అతిథి ఉప్మా తినేసి వెళ్ళిపోయాడు. కానీ తప్పు బండిది కాదు. కార్బురేటర్లో మంచు గడ్డ కట్టింది. పెట్రోలూ గాలీ కలిసే గొంతొకటి ఉంటుంది. పొగమంచులో ఒకే వేగాన పోతుంటే ఆ గొంతులో మంచు పేరుకుని, ఊపిరాడక బండి ఆగిపోతుంది. పది నిమిషాలు పక్కన నిలబెడితే ఇంజను వేడికి అదంతా కరిగిపోయి, ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

నాకు అబద్ధాలకోరని పేరుంది. ఇది మాత్రం నిజం. ఋజువు పంపుతున్నాను.

ఇట్లు,
మీ వేళాకోళం మనిషి,
సింహాద్రి

జతపరచినది: మంచుగడ్డ ఒకటి.

తా.క.: కవరు అందగానే ఆలస్యం చెయ్యకుండా విప్పండి. ఈ మాట కవరు మీద రాద్దామనుకుని లోపల రాసేశాను.


సుపేలా, భిలాయి
జనవరి 7

శ్రీ సింహాద్రిగారికి, కార్యదర్శి నమస్కారములు.

మీ లేఖ పవర్ హౌస్ పోస్టాఫీసు ముద్రతో నిన్న అందినది. జతపరచినట్లు పేర్కొన్న మంచుగడ్డ అందలేదు. కవరు తడిసి, సిరా కారి, దానితో పాటు వచ్చిన కరెంటు బిల్లు కూడా చదువుటకు వీలులేకుండా పోయినది.

భిలాయిలో నీరు గడ్డకట్టినదని మీరు వ్రాసినారు. నిన్నటి కనిష్ఠ ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలని పేపరులో ఉన్నది. నీరు గడ్డకట్టునది సున్న వద్ద. మీరు తొమ్మిదో తరగతి తప్పినారు, నేను పది పాసైనాను. కావున ఈ విషయమున నా మాటే చెల్లును.

నిరుడు సుపేలా చౌకులో ఏనుగు నిలబడి ఉన్నదని మీరు గ్రూపులో పెట్టగా నలభై మంది సభ్యులు పిల్లాపాపలతో చూడబోయినారు. నా పదవీ విరమణ సభకు ఎవరి కుర్చీ వారే తెచ్చుకొనవలెనని నోటీసు అంటించినదీ మీరే. ఇప్పుడీ మంచుగడ్డ కూడా ఆ ఏనుగు జాతికి చెందినదే అని భావించుచున్నాను.

జెండా హరినాథ్ బండి మీదనే వెళ్ళును. ఆ బండికి కార్బురేటరే లేదట.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: అధికారిక లేఖలలో 'బావగారూ' అని సంబోధించరాదు. చెల్లెలు నూకరత్నాన్ని అడిగినట్లు చెప్పగలరు. ఇది అధికారికము కాదు. జిలేబీ విషయము కూడా అధికారికము కాదు.


క్యాంప్ 2
జనవరి 11

కార్యదర్శిగారికి, బావగారూ అనొద్దన్నారు కాబట్టి అనడం లేదు, బావగారూ.

మీరు పది పాసయ్యారు గానీ కుండ దగ్గర ఫెయిలయ్యారు. మే నెలలో కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? చెమ్మ ఆవిరైపోతూ చల్లదనం వదిలి పోతుంది గనక. ఇంజెక్షనుకి ముందు నర్సమ్మ దూదితో స్పిరిటు రాస్తే చెయ్యి జిల్లుమనదూ? పెట్రోలు కూడా అంతే. ఆ గొంతులో ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడంతా లాగేస్తుంది. బయట తొమ్మిదుంటే లోపల సున్న కిందకి పోతుంది. గాలిలో పొగమంచు ఉండనే ఉంది, అదొచ్చి గొంతులో కూర్చుంటుంది.

నిన్న తెల్లారగట్ల మీ చెల్లెల్ని వెనకాల కూర్చోబెట్టుకుని డ్యాముకెళ్ళే బాలోద్ రోడ్డు మీద పోయాను. గుండర్‌దేహి దాటాక ఆగింది. నూకరత్నం దిగి, ముసుగు తీసి, "ఏటయ్యా, నా సవితి మళ్ళీ అలిగిందేటి" అంది. ఎప్పుడూ అలాగే అంటుంది. దాని మీద కుళ్ళు.

పవర్ హౌస్ దగ్గరి మెకానిక్కు ఎప్పుడు విప్పి చూసినా ఏమీ కనపడదు. "కచరా హై భయ్యా" అని, చెత్త అడ్డుపడిందంటూ ఊది ఇచ్చేస్తాడు. పోలీసు వచ్చేసరికి దొంగ గోడ దూకేసినట్టే ఇదీను. అందుకని ఈసారి బండి ఆగీ ఆగగానే ఆవకాయ చెంచాతో గొంతులో గీకి, ఆ మంచుని ఫ్లాస్కులో వేశాను. పోస్టుని నమ్మకుండా, చీటీ అంటించి ఈ పొద్దుటే మీ గేటుకి తగిలించి వచ్చాను. ఈ ఉత్తరం అందేలోగా కళ్ళారా చూసే ఉంటారు.

ఇట్లు,
నిజం చెబుతున్న
సింహాద్రి

తా.క.: ఫ్లాస్కు తిరిగి పంపండి. అది మీ పెళ్ళిరోజుకి నేను ఇద్దామనుకుని ఇవ్వనిది.


సుపేలా
జనవరి 13

శ్రీ సింహాద్రిగారికి,

మీ లేఖ అందుసరికి జరుగవలసినది జరిగిపోయినది.

ఫ్లాస్కును మొదట చూచినది మా కోడలు అపర్ణ. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినది, తెలుగు కూడబలుక్కొని చదువును. చీటీ మీద 'సింహాద్రి నుండి. కరగక ముందే తీసుకోవలెను' అని ఉన్నది. సింహాద్రి అనగా ఆమెకు అప్పన్నస్వామి కొండ తప్ప మీరు స్ఫురించలేదు. "మమ్మీజీ, సింహాచలం నుంచి తీర్థం వచ్చింది" అని కేక వేసినది. మా ఆవిడ స్నానము చేసి వచ్చి, ఉద్ధరిణెతో అందరికీ మూడేసిమార్లు ఇవ్వబోయినది. ముందు కళ్ళకద్దుకొని పుచ్చుకొన్నది నేను.

పెట్రోలు కంపు. ఉమ్మివేసి పదిసార్లు పుక్కిలించినాను. ఆ పూట దేవుని వద్ద దీపము వెలిగించుటకు కూడా ఎవరికీ ధైర్యము చాలలేదు.

మరియొక విషయము. ఫ్లాస్కు అడుగున మిగిలిన ముక్కను నేను పరిశీలించినాను. అది నలుచదరముగా, నాలుగు మూలలు తీరి ఉన్నది. కార్బురేటరులో మంచు ఈ విధముగా కట్టునా?

కావున ఈ సంవత్సరము యాత్రలో మీకు ఏ స్థానమూ లేదు. ముందూ లేదు, వెనుకా లేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మా ఆవిడ మిగిలిన తీర్థమును మోకాలికి రాసుకొన్నది. నొప్పి తగ్గినదట. ఇంకొంచెము ఉన్నదేమో కనుక్కోమని నన్ను వేధించుచున్నది.


క్యాంప్ 2
జనవరి 20

బావగారికి,

నలుచదరం సంగతి వదిలేయండి. ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు, నమ్మండి.

'ముందూ లేదు, వెనకా లేదు' అన్నది చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. డ్యూటీలో స్టవ్వుల దగ్గర కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా ఉద్యోగం అక్కడే, మా నాన్నదీ అక్కడే. మా పని ఏమిటో మీకు తెలుసు. ఇనుము కరిగించే ఫర్నేసులోకి చల్లగాలి ఊదం. ముందు స్టవ్వుల్లో కాచి, ఆ వేడిగాలినే ఊదుతాం. చల్లగాలి ఊదితే ఫర్నేసు బిగుసుకుపోతుంది. అక్కడ కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒరే సింహాద్రీ, అంత కొండలాంటి ఫర్నేసుకి వేడిగాలి పెడుతున్నావే, మీ నాన్న బండి ఏం పాపం చేసిందిరా?

ఇంటికొచ్చి నూనె డబ్బా కత్తిరించాను. రేకుని దోనెలా వంచి ఇంజను రెక్కల పక్క నుంచి గాలి పీల్చే మూతి దాకా బిగించాను. ఇంజనుకి తగిలి వెచ్చబడ్డ గాలే ఇప్పుడు లోపలికి పోతుంది. కార్బురేటర్ అడుగు గిన్నెలో చేరిన నీళ్ళు వంచేశాను. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి లోపల చెమ్మ పడుతుందని నిండా కొట్టిస్తున్నాను. ఎండలు ముదరగానే రేకు విప్పేయాలి, లేకపోతే ఇంజనుకి ఉడుకెత్తుతుంది.

నాలుగు తెల్లవారుజాములు బాలోద్ దాకా వెళ్ళొచ్చాను. మా వీధి చివర కనపడనంత పొగమంచు. ఒక్కసారి ఆగలేదు. నూకరత్నం నాలుగోరోజు, "ఆపయ్యా, టీ తాగుదాం, నడుం పడిపోనాది" అంటే గానీ నేలమీద కాలు పెట్టలేదు.

జెండా అడగను. చిట్టచివర, అందరి పొగా పీల్చుకుంటూ వస్తాను. మా నాన్న బండి చలికి ఓడిపోయి ఇంట్లో కూర్చుందన్న మాట మాత్రం పడలేను.

ఇట్లు,
సింహాద్రి

తా.క.: రేకు మీద అక్షరాలు బయటికొచ్చాయి. బండి పక్కనుంచి చూస్తే 'గుండెకు మంచిది' అని హిందీలో కనపడుతుంది. చెరిపేద్దామనుకున్నాను గానీ నిజమే కదా అని వదిలేశాను.


సుపేలా
జనవరి 23

శ్రీ సింహాద్రిగారికి,

మీ అభ్యర్థన పరిశీలించడమైనది. ఇరవై మూడవ స్థానము, అనగా చివరిది, మంజూరు చేయడమైనది. మంచుగడ్డలు, ఫ్లాస్కులు, చీటీలు తీసుకొనిరారాదు.

హరినాథ్‌కు ఆ రోజు ఫస్ట్ షిఫ్టు పడినందున జెండా పెట్టె నా బండి మీద వచ్చును. నా బండి పదునాలుగేళ్ళలో ఒక్కసారి ఆగి ఎరుగదు. త్రోవలో ఏ బండి ఆగినను మంచు అను మాట ఇక పుట్టకుండా నేనే వెంటనే విప్పి చూచెదను. అందునిమిత్తము స్క్రూడ్రైవరు జేబులోనే ఉండును.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: నా బండి పదునాలుగేళ్ళుగా సుపేలా దాటలేదన్నది మీరు ఎత్తిచూపనవసరము లేదు.


సుపేలా
జనవరి 27

బావా,

ఇది అధికారిక లేఖ కాదు. లేఖ సంఖ్య వేయలేదు.

నిన్న గుండర్‌దేహి దాటాక నా బండి దగ్గి, నీరసించి ఆగిపోయింది. నా వెనకవాళ్ళు పొగమంచులో దూరంగా ఉన్నారు. నీ మాట అబద్ధమని తేల్చడానికి తెచ్చిన స్క్రూడ్రైవరే కదా, చటుక్కున తీసి రబ్బరు గొట్టం ఊడదీశాను. టార్చి వేసి చూశాను.

తెల్లగా ఉంది బావా. గొంతు చుట్టూ పంచదార అద్దినట్టు. వేలు పెడితే చురుక్కుమంది. తొమ్మిది డిగ్రీల ఊళ్ళో, పది పాసైన నా కళ్ళ ముందు.

"రండి, చూడండి" అని అరిచాను. వాళ్ళొచ్చి, బళ్ళు స్టాండు వేసి, మంకీ టోపీలు తీసి తొంగిచూసేసరికి రెండు నీటి బొట్లున్నాయి. ఒక్కొక్కరే టోపీలు మళ్ళీ పెట్టేసుకున్నారు. గురునాథరావయితే నా నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరమేటీ లేదు గదా, వాసుదేవరావుగారూ" అన్నాడు.

అప్పుడు నువ్వొచ్చావు. నవ్వుతావనుకున్నాను. నవ్వితే బాగుండేది. "ఎక్కండి బావగారూ" అన్నావంతే. జెండా పెట్టె ఒళ్ళో పెట్టుకుని నీ వెనకాల కూర్చున్నాను. దారిపొడవునా మోకాలికి వెచ్చగా తగులుతూ ఉంది నీ రేకు. ఏడు యాభై రెండుకల్లా డ్యాము దగ్గరున్నాం. ఎనిమిదికి జెండా ఎగిరింది. మీ నాన్న ఉండగా ఎలా ఎగిరేదో అలా.

ఇప్పుడు ఊళ్ళో నన్ను రెండో సింహాద్రి అంటున్నారు. నలభై ఏళ్ళు ప్లాంటు టైమాఫీసులో ఒక్క తప్పుడు అక్షరం రాయనివాణ్ణి. ఆదివారం మీటింగులో మినిట్స్ పుస్తకంలో ఎక్కించడానికి నువ్వొక కాగితం రాసివ్వాలి. కార్బురేటర్లో మంచు కట్టడం నిజమేనని, నువ్వు కళ్ళారా చూశావని, చెంచాతో గీకావని. మనం ఇద్దరమైతే నమ్ముతారు.

నీ బావ,
వాసుదేవరావు

తా.క.: వచ్చే ఏడు జెండా నీదే. ఇది మాత్రం అధికారికం.


క్యాంప్ 2
జనవరి 29

బావగారికి సింహాద్రి దండాలు.

మీరు మొదటిసారి 'బావా' అని రాసిన ఉత్తరం నూకరత్నానికి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి తనే లాక్కుని చదివింది. "మా అన్నయ్య నిన్ను బావా అన్నాడంటే ఆ డ్యాము ఎండిపోవాల" అంది.

కాగితం రాసివ్వడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, ఒక చిక్కుంది. మీరు మినిట్స్ పుస్తకంలో అబద్ధం ఎక్కించే మనిషి కాదు కాబట్టి చెప్పక తప్పదు.

ఆ మంచు నేనెప్పుడూ చూడలేదు.

చెంచాతో గీకాననేది ఉత్తిమాట. నిరుడు మూడుసార్లు, ఈ ఏడు ఐదుసార్లు విప్పాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి స్క్రూ తిప్పేలోగా ఎప్పుడూ రెండు నీటి బొట్లే. అవి చూసి, కుండని తలుచుకుని, స్టవ్వుల్ని తలుచుకుని, అది మంచే అయ్యుంటుందని లెక్క తేల్చాను. కవర్లో పెట్టింది మా ఫ్రిజ్జు మంచు. ఫ్లాస్కులో వేసిందీ అదే, నాలుగు చుక్కలు పెట్రోలు వాసనకి. నలుచదరం మీరు బాగానే పట్టారు. ఆ మంచుని తీర్థం చేసినందుకు అక్కకి నా క్షమాపణలు చెప్పండి, ఆవిడ మోకాలికి కూడా.

నిజానికి ఋజువుండదు, అబద్ధానికైతే ఫ్రిజ్జు ట్రే నిండా ఉంటుంది. నేనేం చెయ్యను చెప్పండి.

కాబట్టి బావగారూ, భిలాయి మొత్తానికి కార్బురేటర్లో మంచుని కళ్ళతో చూసిన మగాడు మీరొక్కరే. కాగితం నేను మీకివ్వడం కాదు, మీరే నాకివ్వాలి. కార్యదర్శి సంతకం, ముద్రతో. తొమ్మిదో తరగతి తప్పినవాడు కుండని చూసి చెప్పింది నిజమేనని. దానికి ఫ్రేము కట్టించి మా నాన్న ఫోటో పక్కన పెడతాను.

ఆదివారం మీటింగులో మీ పక్కనే కూర్చుంటాను. ఎవరైనా నవ్వితే సుపేలా ఏనుగుని చూడ్డానికి ఎవరెవరు వెళ్ళారో పేరుపేరునా చదువుతాను. గురునాథరావుగారు ఆ రోజు అరటిపళ్ళు కూడా పట్టుకెళ్ళారు.

ఇట్లు,
మీ బావ,
సింహాద్రి

జతపరచినది: మీ బండి కొలతకి కత్తిరించిన రేకు ఒకటి. ఇది కరగదు.

తా.క.: మీ రేకు కోసం నూనె డబ్బా దొరకలేదు. సుపేలాలో మీ జిలేబీ కొట్టువాణ్ణి అడిగితే ఖాళీ నెయ్యి డబ్బా ఇచ్చాడు. "ఎవరికి భయ్యా" అన్నాడు. మీ పేరు చెప్పగానే డబ్బు పుచ్చుకోలేదు.