గ్వాటెమాలా అయితేనే వస్త

అర్జున్ రావుకు,

నలభై ఎనిమిదేండ్ల కింద జగిత్యాలల ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్‌కు కోరుట్ల నుంచి లారీ కదిలిన నాడు నువ్వు కెప్టెన్‌వు. ఎక్కిన నన్ను దింపి మీ చిన్నాయిన కొడుకును ఎక్కించుకున్నవు. "గుంతమగ్గం తొక్కే కాళ్లకు బాల్ ఎందుకురా" అని అందరి ముంగట నవ్వినవు. మీరు ఓడిపోయి వచ్చిండ్రు. నేను సంతోషపడ్డ. అదీ రాస్తున్న.

ఇప్పుడేమో నీ బిడ్డ ఇంద్రజ మెక్సికోల కొలువు చేస్తున్నదని, అక్కడి క్లబ్బు చుట్టుపక్కల దేశాలకు పోయి ఆడే మూడు మ్యాచ్‌లల్ల ఒకటి ఇద్దరం చూసొద్దామని, ఏ దేశమో నన్నే చెప్పమని రాసినవు. మా కోడలు మాధవితోని రెండుసార్లు చదివించుకున్న.

కోస్టారికాల అగ్గి కక్కే కొండ ఉన్నదంటవు. ఈడ సిరిసిల్ల ఎండ నాకు చాలు. పనామాల ఓడలు పోయే కాలువ అంటవు. కాలువ చూసేటందుకు గంత దూరం ఎందుకు?

గ్వాటెమాలా పోదాం. అక్కడి ఆడోళ్లు మగ్గం ఒక కొస చెట్టుకు, ఇంకో కొస తమ నడుముకు కట్టుకొని నేస్తరట. మాధవి ఫోన్‌ల చూపించింది. యాభై ఏండ్లు నేసినోన్ని, గసొంటి మగ్గం చూడలేదు. మ్యాచ్‌కు ముందురోజు వాళ్ల దగ్గర కూసుంట. తొందర పెట్టకు.

ఇరవై తారీఖున కరీంనగర్ పోయి పాసుపోర్టు కాయితాలు ఇయ్యాలె. పద్దెనిమిది లోపల గ్వాటెమాలా అని, నాటి మాట తప్పయిందని, రెండూ నీ చేత్తోనే రాసి పంపు. ఫోన్ చేస్తే ఎత్తను. రెండిట్ల ఏది ముందు రాసినా నాకు సరే.