జ్వరమని సంతకం పెట్టిన చేత్తో

డెబ్బై రెండేళ్లు నిండి, సహాయ శిబిరాల్లో నీళ్లకూ మరుగుదొడ్లకూ ఇరవై తొమ్మిదేళ్లు సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నేను, తెలివి తెలివిగా ఉండగానే, ఒకరి మాట విని గానీ ఒకరికి జడిసి గానీ కాకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరమ్మ చేత కాగితం కూడా రాయించుకున్నాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంది. రెండు దాకా వెళ్లాను. ఈమధ్య కోపం ఎక్కువగా వస్తోందా అని అడిగింది. ఎక్కువేం కాదు, ఎప్పుడూ వచ్చేంతే వస్తోందన్నాను. అదీ రాసుకుంది. కాబట్టి నా తమ్ముడు రేపు కోర్టుకెక్కి, మా అక్కకు మతి చలించింది అనదలుచుకుంటే ముందు ఆ కాగితం చదువుకోవలెను.

ఇదివరకు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో నా ఫ్లాటును నేను పనిచేసిన సంస్థకు రాశాను. అప్పుడూ నాకు బుద్ధి స్థిరంగానే ఉంది, సిగ్గు తక్కువైంది.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినది మా వీధి చివర ఆఫీసున్న వకీలమ్మ. ఆవిడ ఓదార్చదు, నచ్చచెప్పదు, రాసినది రాసినట్టు చేస్తుంది. అందుకే ఆవిడను ఎంచుకున్నాను.

2. మా అమ్మ గోడగడియారం తమ్ముడికి దఖలు పరుస్తున్నాను. అమ్మ పోయిన పదోరోజునే ఎటూ పట్టుకుపోయాడు గనక ఇక దానికి హక్కు కూడా ఉంటుంది. అంతకు మించి అతనికి నా స్థిరచరాస్తుల్లో దేనిమీదా ఏ హక్కూ లేదు. తన కూతురి పెళ్లిలో నన్ను ఓ పక్కకు లాగి, "అక్కా, ఎవరైనా అడిగితే నీళ్ల డిపార్టుమెంటని చెప్పు, రెండోది ఎత్తకు" అన్నాడు. సరేనన్నాను. అయితే వియ్యంకుడు పక్కన కూర్చుని భోజనం చేస్తూ, ఏం ఉద్యోగమమ్మా అని మర్యాదగా అడిగాడు. మర్యాదగా అడిగిన వాడికి అబద్ధం చెప్పలేను. గొయ్యి లోతు ఎంతుండాలో, ఎన్నాళ్లకు నిండుతుందో వివరంగా చెప్పాను. ఆయన ముద్ద పక్కన పెట్టేశాడు. తమ్ముడు ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. ఆ ఆరేళ్లూ నా ఆరోగ్యం బాగుంది.

అతని భార్య, నా మరదలు, వేరే సంగతి. నాకు ఆపరేషన్ అయినప్పుడు మొగుడికి పుట్టింటికని చెప్పి వచ్చి పదకొండు రోజులు నా మంచం పక్కన కూర్చుంది. ఒక్కరోజూ నా ఉద్యోగం ఊసెత్తలేదు, నా బెడ్‌పాన్ చూసి మొహం తిప్పుకోలేదు. నా రెండు బంగారు గాజులూ, బూడిదరంగు శాలువా ఆమెకు. గాజులు ఆమె చేతికి ఉండవలెను. తమ్ముడు వాటిని లాకర్లో పెట్టిన పక్షంలో వకీలమ్మ వెనక్కి తీసుకోవచ్చును.

3. నా కొలత టేపు, రసమట్టం, రబ్బరు బూట్లు మేస్త్రీకి. ఈ మేస్త్రీ ఆడమనిషి. యుద్ధంలో ఇల్లు కూలిపోయి శిబిరానికి వచ్చినప్పుడు అందరూ మూటలు తెచ్చుకుంటే ఆమె తాపీ తెచ్చుకుంది.

వాడకం మానేసిన విమానాల మైదానంలో వేసిన శిబిరం అది. తొమ్మిది వేల మంది. ఇంజనీరు మరుగుదొడ్లన్నిటినీ ఓ చివర, సామాన్ల గోదాము దాటాక గీశాడు. కాగితం మీద వరస ముచ్చటగా ఉంది. తలుపులకు గడియలు లేవు. అక్కడికి పోవాలంటే గోదాము ముందు పొద్దస్తమానం కూర్చునే మగవాళ్ల మధ్యనుంచి, వాళ్ల కూతలు వింటూ, నాలుగు వందల పన్నెండు అడుగులు నడవాలి. నేను నడిచి లెక్కపెట్టాను. దాంతో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. ట్యాంకు నిండా నీళ్లుండేవి. పొద్దున ఓ గుక్క, సాయంత్రం ఓ గుక్క, అంతే. అడిగితే దాహం వేయట్లేదనేవారు. మేస్త్రీ ఒక్కతే ఉన్నమాట చెప్పింది: "తాగితే పోవాలి కదక్కా. పోతే తిరిగొచ్చేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి."

మరుగుదొడ్లు డేరాల మధ్యకు మార్చడానికి అనుమతి ఎలా వచ్చిందో ఆరో నిబంధనలో రాస్తాను. వచ్చాక మాత్రం ఇంజనీరు మనుషులను నేను ఆ పని ముట్టుకోనివ్వలేదు. మేస్త్రీ, ఇంకో పదకొండు మంది ఆడవాళ్లు తొమ్మిది రోజుల్లో నలభై కట్టారు. ఏది ఎక్కడ ఉండాలో ఆడవాళ్లే సున్నంతో గీతలు గీసి చూపించారు. ప్రతి తలుపుకూ లోపల గడియ. ఆ పన్నెండు మందే తర్వాత శిబిరం కమిటీ అయ్యారు. రేషన్ పంపకం దగ్గర్నుంచి తగవుల దాకా వాళ్లే చూశారు. నాకు గొడవలమ్మ అని పేరు పెట్టింది కూడా వాళ్లే. నాకు దక్కిన బిరుదుల్లో నిజాయితీగా ఇచ్చింది అదొక్కటే.

4. సంస్థకు ఏమీ లేదు. చిత్తు కాగితం కూడా లేదు.

వాళ్ల శిక్షణ హాలుకు నా పేరు పెడతామని పోయిన నెల ఉత్తరం రాశారు. నేను మహిళా నాయకత్వానికి నిలువెత్తు నిదర్శనమట. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నేను ఇంకా చావకుండానే చారెడు చేసేశారు. నా పేరు ఏ గోడకూ, ఏ హాలుకూ, ఏ అవార్డుకూ పెట్టరాదు. పెట్టిన పక్షంలో వకీలమ్మ దావా వేయవలెను.

సంస్థ అధ్యక్షుడు అప్పట్లో ఆ శిబిరానికి అధికారి. అందరూ పెద్దాయన అంటారు. నాకంటే రెండేళ్లు చిన్న. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. మరుగుదొడ్ల పని నాలుగు దేశాల పత్రికల్లో పడ్డాక ఆయన్ను పెద్ద సదస్సుకు పిలిచారు. సంక్షోభాల్లో స్త్రీల నాయకత్వం అన్నది ఆయన ఉపన్యాసం. నలభై నిమిషాలు మాట్లాడాడు. మేస్త్రీని తీసుకురాలేదు, ఆమెకు భాష రాదన్నాడు. సున్నం గీతలకు ఏ భాష కావాలో చెప్పలేదు. నన్ను స్టేజీ మీదికి పిలిచి పూలగుత్తి చేతిలో పెట్టి, "రెండు మాటలు చెప్పమ్మా" అన్నాడు. సరిగ్గా రెండు మాటలే చెప్పాను: చాలా సంతోషం. ఆ రెండు మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

నా సంతాప సభకు పెద్దాయన రాకూడదు. వస్తే కూర్చోవచ్చు, మాట్లాడకూడదు.

5. రెండో అంతస్తులో నేనుంటున్న రెండు గదుల ఫ్లాటు, అందులోని సామానుతో సహా, పక్క సందులో టైలరు షాపు నడుపుకుంటున్న అమ్మాయికి చెందవలెను. అమ్మాయి అంటున్నాను గాని నలభై ఏళ్లు. సర్వహక్కులతో అనుభవించవలెను. నాకు రక్తసంబంధం కాదు. చిన్నప్పటినుంచీ నన్ను పిన్నీ అంటుంది. ప్రతి బుధవారం షాపు మూసి వచ్చి టీ పెట్టి ఇస్తుంది, నా జాకెట్లు వదులైతే కూర్చోబెట్టి కుట్లు వేస్తుంది. తమ్ముడు దీన్ని జాలి అంటాడేమో. జాలి కాదు. ఎందుకో కింద ఉంది.

6. ఆ శిబిరంలో ఆరో వరసలో ఓ కుట్టుపనామె ఉండేది. ఈ అమ్మాయి తల్లి. ముప్పై ఏళ్లు లేవు. అందరిలాగే నీళ్లు మానేసింది, అందరికంటే ఎక్కువగా బిగబట్టుకుంది. లోపల చీము పట్టి, కిడ్నీలు చెడి, ఒళ్లు కాలిపోతూ ఏడో రోజున చనిపోయింది. ఆమె పడుకున్న చోటునుంచి చూస్తే నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. నర్సు కారణం రాసిచ్చింది. నేను నాలుగు పేజీల రిపోర్టు రాసి, ఈమెను చంపింది మరుగుదొడ్ల దూరం అని ముగించాను.

పెద్దాయన గదికి పిలిచాడు. "చూడమ్మా, ఇది పైకి పోతే దాతలు వెనక్కి తగ్గుతారు. శిబిరం మూతపడితే నీ ఆడవాళ్లని ఎక్కడ దాస్తావు? జ్వరం అని రాయి, చాలు. జ్వరం వచ్చిన మాట నిజమేగా? నువ్వు దీనిమీద సంతకం పెడితే, నీ మరుగుదొడ్ల కాగితం మీద నేను పెడతాను."

పెట్టాను. బెదిరి కాదు, మోసపోయి కాదు. బేరం తెలిసే పెట్టాను. చనిపోయిన మనిషిని ఇచ్చి నలభై మరుగుదొడ్లు తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆ శిబిరంలో అలా ఎవరూ చావలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను.

పోయినేడు ఓ బుధవారం నా జాకెట్టు చేయి కుడుతూ అమ్మాయి తలెత్తకుండా అంది: "అమ్మని నేనే చంపాను పిన్నీ. ముందు జ్వరం నాకే వచ్చింది. పక్కలో పడుకోవద్దంటే వినలేదు. నాదే అంటుకుంది." అప్పుడామెకు తొమ్మిదేళ్లు. తల్లి చావు కాగితం మీద జ్వరం అని చదివి వినిపించారు. వినిపించిన కాగితం మీద నా సంతకం ఉంది.

నేనేమన్నానంటే, "ఊరుకో, చిన్నపిల్లవి" అన్నాను. అది ఓదార్పు కాదు, రెండో సంతకం.

నా అసలు రిపోర్టు, నర్సు రాసిచ్చిన చీటీ బీరువాలో పై అరలో ఉన్నాయి. నేను పోయిన మూడు రోజుల్లోగా వకీలమ్మ వాటిని స్వయంగా ఆమె చేతికి ఇవ్వవలెను. పత్రికకిచ్చినా, కోర్టుకిచ్చినా, నా మొహం మీద కొట్టడానికి ఆలస్యమైందని పొయ్యిలో వేసినా ఆమె ఇష్టం.

7. నా శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వవలెను. అక్కడ చదివే ఆడపిల్లలు కిడ్నీ ఎక్కడుంటుందో బాగా చూసుకోవలెను.

పై నిబంధనలు గురువారం రాశాను. సాక్షులకు తీరిక లేక సంతకాలు ఆదివారానికి వాయిదా పడ్డాయి. ఈలోగా ఆరో నిబంధన తిరగేసి చదువుకున్నాను. చచ్చాక నిజం చెప్పడమంటే తలుపు కొట్టి పారిపోవడం. కనుక ఆరో నిబంధనలో కాగితాల అప్పగింత రద్దు. శుక్రవారం నేనే వాటిని తీసుకుని ఆమె షాపుకు వెళ్లాను.

మిషను ఆపి నాలుగు పేజీలూ చదివింది. చీటీ చదివింది. ఏడవలేదు. "ఇన్నేళ్లు నా చేతి టీ ఎలా తాగావు?" అని అడిగింది. పిన్నీ అనలేదు. కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకుని, బయట కొలతలకు నిలబడ్డ ఆవిడను లోపలికి రమ్మంది. నేను లేచి వచ్చేశాను.

ఐదో నిబంధన యథాతథంగా ఉంటుంది. ఫ్లాటు వద్దంటే బలవంతం లేదు, మేస్త్రీకి పోతుంది. ఆమె నన్ను క్షమించడం దీనికి షరతు కాదు.

పొద్దున మేస్త్రీ ఫోను చేసింది. రేపు తనూ అమ్మాయీ కలిసి ఆ కాగితాలతో పెద్దాయన ఆఫీసుకు వెళ్తున్నారట. నేనూ వస్తానన్నాను. "నువ్వు రావద్దంది అక్కా" అంది మేస్త్రీ.

వెళ్లను.

రెండు వేల ఇరవై నాలుగు, మార్చి పదిహేడు, ఆదివారం. చదివి, చదివించుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, నా ఇంట్లో వంటగది బల్ల దగ్గర సంతకం చేశాను.

(సంతకం) గొడవలమ్మ

సాక్షులు, నేను సంతకం చేస్తుండగా చూసి సంతకం చేసినవారు:
1. (సంతకం) పై వాటాలో ఉండే పళ్ల డాక్టరు
2. (సంతకం) మరదలు. ఈమె సాక్షి అయినందున రెండో నిబంధనలోని గాజులు, శాలువా దక్కవేమోనని వకీలమ్మ అనుమానపడింది. అందుకని సంతకానికి ముందే గాజులు ఆమె చేతికి తొడిగాను, శాలువా కప్పాను.