రెండు గంటల గేటు దృశ్యంలో దోషాలు

విషయం: నువ్వు పోయిన ఫౌండ్రీ ప్రమాదాన్ని కథగా తీసిన కాలయాత్ర సీరియల్లో, నిన్న ప్రసారమైన భాగంపై నివేదిక.

నాన్నా,

టీవీలో రాకెట్ల కథలు వస్తే తప్పులన్నీ క్యాలెండర్ వెనక రాసిపెట్టడం నీ అలవాటు. ఆ పదవి ఖాళీగా ఉండరాదని ఇది సమర్పిస్తున్నాను.

భవిష్యత్తు నుంచి వచ్చిన హీరో కొలిమి పేలకముందే అందరినీ బయటికి పంపేస్తాడు. తెర మీద ప్రతి కార్మికుడికీ పసుపు హెల్మెట్ ఉంది. మీకు తలగుడ్డలే ఉండేవి. సైరన్ కూడా మోగింది. ఆ రోజు మోగలేదు.

నిర్మాణ విశేషం ఒకటుంది. మన భుయ్యాడీహ్ బస్తీలో మూతపడిన షెడ్డు దగ్గర చిత్రీకరణ జరిగింది. రెండు గంటలకు షిఫ్టు దిగే మగవాళ్ల కోసం గేటు బయట ఎదురుచూసే ఆడవాళ్లలో అమ్మ కూడా నిలబడింది. నీ వయసు ముప్పై ఆరు దగ్గరే ఆగిపోయినందున, ఆమెకు నీ తల్లి వేషం ఇచ్చారు. నీ పాత్రధారి రాగానే ఆమె నవ్వాలి.

"ఆంటీజీ, అటు కాదు, ఇటు చూడండి. మీ అబ్బాయి వచ్చేశాడు!" అని దర్శకుడు హిందీలో ఏడుసార్లు బతిమాలాడు.

"ఈ బాబు వచ్చీసేడు, మంచిదే. మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడు గదేటి, సూడనీ," అంది అమ్మ.

ప్రసారమైన భాగంలో అందరూ నవ్వుతూ ఇళ్లకు వెళ్లిపోతుంటే, తెర అంచున ఒక ముసలామె ఖాళీ గేటు వైపే చూస్తూ ఉంటుంది. ఎవరైనా దాన్ని చిత్రీకరణ దోషమనవచ్చు. మొత్తం భాగంలో సరిగ్గా ఉన్న చరిత్ర అదొక్కటే కనుక నేను జాబితాలో చేర్చలేదు.

సమర్పించినది,
నీ కూతురు