వైద్యుడి ఇల్లాలికి జ్వరం

అమ్మా,

నేను క్షేమంగానే ఉన్నాను, కంగారుపడకు. మేము డాక్యుమెంటరీ తీస్తున్న ముసలి నాటువైద్యుడి భార్యకు నిన్న జ్వరం ముదిరింది. ఊరందరి నాడి చూసే ఆయన, ఆమె చెయ్యి పట్టుకుని వెంటనే వదిలేశాడు. "నాకేం తోచట్లేదు తల్లీ, ఆసుపత్రికి తీసుకెళ్దాం" అన్నాడు. కెమెరా ఆపేసి ఇద్దర్నీ మా వ్యానులో తీసుకొచ్చాం. ఇక్కడ నర్సు మందు తాగించబోతే, "ఆయనిస్తేనే తాగుతా" అని ఆవిడ పెదవులు బిగించింది. ఆయన ముందు ఒక చుక్క తన నాలుక మీద వేసుకుని చూశాడు. "చేదుగా ఉంది, మంచి మందేనే. తాగు" అన్నాక తాగింది. జ్వరం ఇంకా దిగలేదు. నాకూ భయంగానే ఉంది.

నాన్న గుండె పరీక్ష చేయించుకున్నారా? లేకపోతే నువ్వే వెంటబెట్టుకుని వెళ్లు. వద్దంటారు, వినకు. ఆయనకు నా నమస్కారాలు.

నీ పెద్దకూతురు